వేడెక్కిన లోహంలో పరమాణువుల కదలిక: కంప్యూటర్ లెక్కను ఎక్కడి వరకు నమ్మొచ్చు?

క్లుప్తంగా

పైకి గట్టిగా కనిపించే లోహంలో కూడా, వేడి మీద ఉన్నప్పుడు, పరమాణువులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూనే ఉంటాయి. దీన్ని వ్యాపనం అంటారు, ఇంజినీరింగ్ క్లాసుల్లో డిఫ్యూజన్ అంటారు. కంప్యూటర్ ఈ కదలికను ఒక్కో గెంతు చొప్పున చూపించగలదు, కాకపోతే సెకనులో అతి చిన్న ముక్కకు మాత్రమే. గంటలు, ఏళ్ల గురించి అది చెప్పే జవాబులన్నీ ఆ గెంతుల మీద అంచెలంచెలుగా కట్టిన లెక్కలు. ఎక్కువ వేడి దగ్గర ఆ లెక్క బాగా నిలబడుతుంది. వేడి తగ్గేకొద్దీ అందులోని చిన్న తప్పు పెద్దదవుతుంది.

చర్చ ఎక్కడ మొదలైంది

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ పెట్టాలనుకుంటున్న ఏపీ1000 రకం రియాక్టరును 60 ఏళ్ల ఆయుష్షుకు డిజైన్ చేశారు. ఇలాంటి రియాక్టరులో ఇంధనాన్ని, నీటిని పట్టి ఉంచే మందపాటి ఉక్కు పాత్రను మధ్యలో మార్చడం దాదాపు కుదరని పని. అది అన్నేళ్లు తట్టుకుంటుందని ముందే ఎలా చెబుతారన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ప్రయోగాలతో పాటు కంప్యూటర్ సిమ్యులేషన్లు కూడా చేస్తారని జవాబు వస్తుంది. అక్కడితో గందరగోళం తీరదు, పెరుగుతుంది. 60 ఏళ్లను కంప్యూటర్‌లో నడిపి చూశారా అంటే, లేదు. మరి ఏం చూశారు?

ఇదే ప్రశ్న విజయనగరం, రాజాం వైపు కాలేజీల్లో మెటలర్జీ, మెకానికల్ చదివే విద్యార్థులకు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ప్రాజెక్టు కోసం ఉచితంగా దొరికే ల్యాంప్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో రాగి పరమాణువుల పెట్టె తయారు చేసి, వెయ్యి డిగ్రీలకు వేడి చేసి చూస్తే, పరమాణువులు ఎంత దూరం జరిగాయో చూపే గ్రాఫు గీత పైకి లేవకుండా అడ్డంగా పడుకుంటుంది. వ్యాపనం సున్నా అని కంప్యూటర్ చెబుతుంది. పుస్తకం కాదంటుంది. ఈ రెండు చిక్కులకూ మూలం ఒకటే. దాన్ని పట్టుకోవాలంటే ముందు వేడెక్కిన లోహం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

కదలడానికి చోటెక్కడిది?

రాగిలో ప్రతి పరమాణువుకూ ఆనుకుని 12 పొరుగు పరమాణువులు ఉంటాయి. సిరిమానోత్సవం రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఇరుక్కుపోయిన జనాన్ని ఊహించుకుంటే వాటి పరిస్థితి అర్థమవుతుంది. నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగడం తప్ప ముందుకు పోయే దారి లేదు. ఎక్కడో ఒక మనిషి పట్టే సందు ఏర్పడిందంటే మాత్రం పక్కనున్న మనిషి అందులోకి జరుగుతాడు, అతను వదిలిన చోటు కొత్త సందు అవుతుంది. మనుషులు ఒక వైపు జరిగితే సందు రెండో వైపు ప్రయాణం చేస్తుంది.

లోహంలో ఆ సందు పేరు ఖాళీ స్థానం, అంటే వేకెన్సీ. రాగిలో ఒక ఖాళీ ఏర్పడాలంటే సుమారు 1.28 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది). ఏర్పడిన ఖాళీలోకి పొరుగు పరమాణువు దూకాలంటే ఇంకో 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. రెండూ కలిపితే దాదాపు 2. రేడియోధార్మిక రాగిని పైన పూసి, వేడి చేసి, పల్చటి పొరలుగా తీసి కొలిచిన ప్రయోగాల్లో, వ్యాపనానికి మొత్తం కావాల్సిన శక్తిగా వచ్చే విలువ 2.1 నుంచి 2.2 మధ్య ఉంటుంది. ఖాళీల సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ అంకెల ప్రభావం ఉష్ణోగ్రతతో విపరీతంగా మారుతుంది. రాగి కరిగే 1085 డిగ్రీల దగ్గర ప్రతి 10,000 స్థానాల్లో ఒకటో రెండో ఖాళీగా ఉంటాయి. మామూలు గది వేడిలో సమతాస్థితి లెక్క ప్రకారం ఖాళీలు దాదాపు లేనట్టే. ఉన్న ఒక్క ఖాళీ కూడా గది వేడిలో సెకనుకు వంద, రెండు వందల గెంతులు వేస్తే, 1000 డిగ్రీల దగ్గర అదే ఖాళీ సెకనుకు దాదాపు పది వేల కోట్ల గెంతులు వేస్తుంది. వేడి పెరిగితే ఖాళీల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కో ఖాళీ వేగమూ పెరుగుతుంది. వ్యాపనం వేడికి ఇంత తీవ్రంగా స్పందించడానికి కారణం ఈ జంట పెరుగుదలే.

ఇత్తడి ఇచ్చిన సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇత్తడి పనిలో వేడికి ఉన్న పాత్ర కంచరికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సుత్తి దెబ్బలు పడేకొద్దీ రేకు బిగుసుకుని పగలడానికి సిద్ధమవుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి తీస్తే మళ్లీ మెత్తబడి దెబ్బకు లొంగుతుంది. చెదిరిపోయిన పరమాణువులు వేడి మీద కొత్తగా సర్దుకోవడం వల్లే ఇది సాధ్యం.

పరమాణువులు ఖాళీల ద్వారానే కదులుతాయని ప్రపంచాన్ని ఒప్పించిన ప్రయోగమూ ఇత్తడి మీద జరిగిందే. 1940ల వరకు చాలామంది నిపుణులు రెండు పరమాణువులు చోట్లు మార్చుకుంటాయనో, నాలుగైదు కలిసి గుండ్రంగా తిరుగుతాయనో అనుకునేవారు. 1947లో అమెరికాలో కిర్కెండాల్, స్మిగెల్‌స్కాస్ తమ ఫలితాన్ని ప్రచురించారు. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న ఇత్తడి కడ్డీకి ఎదురెదురు ముఖాల మీద సన్నటి మాలిబ్డినం తీగలు పెట్టి, పైన రాగి పూత వేశారు. మాలిబ్డినం ఇత్తడిలో కలవదు కాబట్టి తీగలు గుర్తు రాళ్లలా పనికొస్తాయి. దాన్ని 785 డిగ్రీల దగ్గర 56 రోజుల వరకు ఉంచి, మధ్య మధ్యలో ముక్కలు కోసి కొలిచారు.

తీగలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. రాగి, జింకు పరమాణువులు ఒకటికొకటిగా చోట్లు మార్చుకుని ఉంటే తీగలు కదలాల్సిన పని లేదు. ఇత్తడిలోంచి జింకు బయటికి పోయినంత వేగంగా రాగి లోపలికి రావడం లేదని దాని అర్థం. ఆ తేడాను ఖాళీలు భర్తీ చేస్తున్నాయి. లోహ వ్యాపనంలో అప్పటికి పెద్ద పేరున్న రాబర్ట్ మెల్ ఈ ఫలితాన్ని మొదట గట్టిగా వ్యతిరేకించారు. తర్వాత ఆయన బృందమే ప్రయోగం చేసి నిజమని తేల్చింది. లోపల మిగిలిపోయిన ఖాళీలు ఒక చోట చేరితే కంటికి కనిపించని బొక్కలు ఏర్పడతాయి. ఎలక్ట్రానిక్ పరికరాల సోల్డర్ అతుకులు కాలక్రమంలో బలహీనపడడానికి ఇవి కూడా ఒక కారణం.

కంప్యూటర్ లోపల ఏం చేస్తారు

అన్నిటికన్నా సూటి పద్ధతి మాలిక్యులర్ డైనమిక్స్. ప్రతి పరమాణువు మీద పొరుగువి ఎంత బలం చూపుతున్నాయో లెక్కగట్టి, న్యూటన్ సూత్రంతో దాన్ని కొద్దిగా జరుపుతారు. మళ్లీ బలాలు లెక్కగట్టి మళ్లీ జరుపుతారు. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో ప్రముఖుడు మన హైదరాబాద్‌లో 1927లో పుట్టిన అనీసూర్ రహమాన్. ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఆయన తర్వాత అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలకు వెళ్లారు. 1964లో 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవరూప ఆర్గాన్‌ను కంప్యూటర్‌లో నడిపించి, దాని వ్యాపన గుణకాన్ని (పరమాణువులు ఎంత వేగంగా చోట్లు మారతాయో చెప్పే సంఖ్యను) రాబట్టి, ప్రయోగంతో సరిపోల్చారు. అది మైనస్ 179 డిగ్రీల చల్లటి ద్రవం. నేడు వెయ్యి డిగ్రీల లోహానికి వాడేదీ ఆ పద్ధతే. తెలుగు నేల మీద భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఈ పేరు ఇంకా బాగా తెలియాల్సి ఉంది.

ఆర్గాన్‌కు పనికొచ్చిన బలాల సూత్రం లోహానికి పనికిరాదు. ఆర్గాన్‌లో రెండేసి పరమాణువుల మధ్య ఆకర్షణను విడివిడిగా కూడితే చాలు. ఆ లెక్కను లోహానికి వాడితే, ఒక ఖాళీ చేయడానికీ ఒక పరమాణువును లోహం నుంచి పూర్తిగా ఊడదీయడానికీ దాదాపు ఒకే శక్తి కావాలని వస్తుంది. నిజమైన రాగిలో ఊడదీయడానికి 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఖాళీకి అందులో మూడో వంతు పైచిలుకు చాలు. లోహంలో ఎలక్ట్రాన్లు ఉమ్మడి ఆస్తి కాబట్టి, ఒక పొరుగు పోతే మిగిలినవాటితో బంధం కాస్త బిగుస్తుంది. ఈ సంగతిని సూత్రంలో పెట్టిన పద్ధతిని ముర్రే డా, మైకేల్ బాస్కెస్ అనే పరిశోధకులు 1984లో పూర్తి రూపంలో అందించారు. దాన్ని ఎంబెడెడ్ యాటమ్ పద్ధతి అంటారు. ఖాళీల శక్తే తప్పుగా వచ్చే సూత్రంతో వ్యాపనం లెక్కించడం వృథా శ్రమ. అందుకే ఏ ఫలితం చూసినా ముందు వాడిన సూత్రం ఏదో చూడాలి.

కాలం అనే అడ్డుగోడ

పరమాణువు తన చోట సెకనుకు కొన్ని లక్షల కోట్ల సార్ల స్థాయిలో కంపిస్తుంది. ఆ కంపనాన్ని తప్పిపోకుండా పట్టుకోవాలంటే లెక్కలో ఒక్కో అడుగు ఫెమ్టోసెకను దగ్గర ఉండాలి, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో మళ్లీ పది లక్షలవ వంతు. పది లక్షల అడుగులు వేస్తే గడిచేది ఒక నానోసెకను.

కంప్యూటర్ సెకనుకు వెయ్యి అడుగులు వేస్తుందనుకుందాం. చిన్న పెట్టెకు అది మంచి వేగమే. అయినా నిజ జీవితంలో ఒక్క గంట జరిగేదాన్ని నడిపించాలంటే 11 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. కిర్కెండాల్ 56 రోజుల ప్రయోగం సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కువ ప్రాసెసర్లు పెట్టి పెట్టె సైజు పెంచుకోవచ్చు, కోట్ల పరమాణువులను నడపవచ్చు. కాలం మాత్రం అలా పెరగదు. రెండో అడుగు వేయాలంటే మొదటిది పూర్తవ్వాలి కదా.

అలాంటప్పుడు ఒక నానోసెకనులో వ్యాపనం కనిపిస్తుందా? 1000 డిగ్రీల దగ్గర రాగికి కొలిచిన గుణకంతో లెక్క వేస్తే, ఒక నానోసెకనులో నూటికి ఒకటి రెండు పరమాణువులు మాత్రమే ఒక్క గెంతు వేస్తాయి. వేడి తగ్గితే అదీ ఉండదు. ఎక్కువ ఉష్ణోగ్రతల దగ్గరే ఈ సిమ్యులేషన్లు చేయడానికి అసలు కారణం ఇదే. పరిశ్రమకు ఆ వేడి ముఖ్యమైనా కాకపోయినా, అందుబాటులో ఉన్న కాలంలో గెంతులు కనిపించేది అక్కడే.

గ్రాఫు ఎందుకు పడుకుంది

ఇక విద్యార్థి పెట్టె దగ్గరికి వద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తుల్లో పదేసి రాగి ఘటకాలు (ఒక్కోటి నాలుగు పరమాణువుల గడి) పేరిస్తే సరిగ్గా 4000 పరమాణువులు వస్తాయి. పెట్టె అంచు దాటిన పరమాణువు ఎదురు గోడ నుంచి లోపలికి వచ్చేలా ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఈ రాగికి ఉపరితలం అంటూ ఉండదు. నిజమైన లోహంలో ఖాళీలు ఉపరితలం నుంచి, స్ఫటిక రేణువుల సరిహద్దుల నుంచి, లోపాల గీతల నుంచి పుడతాయి. ఈ పెట్టెలో అవేవీ లేవు. ఖాళీ లేదు, పుట్టే దారీ లేదు. పరమాణువులు ఊగుతాయి, చోటు మారవు. గ్రాఫులో గీత మొదట కాస్త లేచి అక్కడే ఆగిపోవడం ఆ ఊగడానికి గుర్తు. కంప్యూటర్ తప్పు చెప్పలేదు. అడిగిన ప్రశ్నలోనే ఖాళీ లేదు. పెట్టెకు ఉపరితలం లేకపోవడం వల్ల ఇంకో వింత కూడా జరుగుతుంది. కరిగే ఉష్ణోగ్రత దాటి ఇరవై శాతం దాకా పైకి పోయినా స్ఫటికం కరగకుండా నిలబడగలదు.

పరిష్కారం ఒక పరమాణువును తీసేయడం. 3999 పరమాణువులు, ఒక ఖాళీ. 1000 డిగ్రీల దగ్గర ఆ ఖాళీ నానోసెకనుకు వంద గెంతుల స్థాయిలో తిరుగుతుంది, గీత వాలుగా పైకి లేస్తుంది. 500 డిగ్రీల దగ్గర అదే ఖాళీ నానోసెకనుకు రెండు మూడు గెంతులే వేస్తుంది. 300 డిగ్రీల దగ్గర పది నానోసెకన్లు నడిపినా ఒక్క గెంతు కనిపిస్తే గొప్ప.

గీత లేచింది కదా అని ఆ వాలును నేరుగా వ్యాపన గుణకంగా రాసేస్తే ఇంకో పొరపాటు. పెట్టెలో 4000 చోట్లకు ఒక ఖాళీ బలవంతంగా పెట్టారు. 1000 డిగ్రీల రాగిలో నిజంగా ఉండేది దానికన్నా తక్కువ. 600 డిగ్రీల దగ్గరైతే పెట్టెలో ఉన్న ఖాళీలు అసలుకన్నా వందల రెట్లు ఎక్కువ. కాబట్టి వచ్చిన విలువను నిజమైన ఖాళీల నిష్పత్తితో సవరించాలి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే ఎంత ఖరీదైన కంప్యూటర్ వాడినా సంఖ్య తప్పే.

అంచెలంచెలుగా గంటల వైపు

గోడను బద్దలు కొట్టలేకపోయినా చుట్టూ తిరిగి పోయే దారులున్నాయి. గెంతులు అరుదు, మధ్యలో జరిగేదంతా ఊగడమే. కాబట్టి ఆ ఊగడాన్ని లెక్కించడం మానేసి, ఒక్కో గెంతుకు ఎంత శక్తి అడ్డంకి ఉందో మాత్రం జాగ్రత్తగా కొలుస్తారు. దీనికి ఎలక్ట్రాన్ల స్థాయి నుంచి లెక్కించే డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం వాడతారు. దానికి పునాది వేసిన వాల్టర్ కోన్‌కు 1998లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అడ్డంకి తెలిస్తే గెంతుల వేగం తెలుస్తుంది. ఆ వేగాలను తీసుకుని, పాచికలు వేసినట్టు ఒక్కో గెంతును ఎంచుకుంటూ పోయే పద్ధతి కైనెటిక్ మాంటెకార్లో. ఇందులో లెక్క ఒక గెంతు నుంచి తర్వాతి గెంతుకు నేరుగా పోతుంది, అందుకని సెకన్లు, గంటలు, కొన్ని సమస్యల్లో ఏళ్ల దాకా కూడా అందుతాయి. ఆ పైన 1855లో అడాల్ఫ్ ఫిక్ రాసిన వ్యాపన సమీకరణాలు పరమాణువులను పూర్తిగా మరచిపోయి గాఢతలతో పని ముగిస్తాయి.

ఏ అంచె ఎక్కడ వాడాలో పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఉక్కులో కార్బన్‌నే చూడండి. ఇనుము పరమాణువు ఖాళీ కోసం ఎదురు చూడాలి. చిన్నదైన కార్బన్ ఇనుము పరమాణువుల మధ్య సందుల్లోంచే దూరిపోతుంది. 900 డిగ్రీల దగ్గర కార్బన్ వ్యాపనం ఇనుముది కన్నా దాదాపు 5 లక్షల రెట్లు ఎక్కువ. గేరు పళ్లకు పైపొర గట్టిపడాలని కార్బన్ వాతావరణంలో కొన్ని గంటలు కాల్చితే మిల్లీమీటరులో కొన్ని పదో వంతుల లోతుకు అది చేరడం ఈ వేగం వల్లే. దీనికి ఫిక్ సమీకరణం, కొలిచిన గుణకం చాలు. పరమాణువుల సిమ్యులేషన్ అవసరమే లేదు. ప్రతి సమస్యకూ పెద్ద కంప్యూటర్ కావాలనుకోవడం వట్టి భ్రమ.

తప్పు ఎక్కడ పెద్దదవుతుంది

గెంతు అడ్డంకి లెక్కలో 0.1 ఎలక్ట్రాన్ వోల్టు తేడా రావడం అసాధారణం కాదు. 727 డిగ్రీల దగ్గర ఆ తేడా వేగాన్ని సుమారు 3 రెట్లు మారుస్తుంది. 300 డిగ్రీల దగ్గర 7, 8 రెట్లు, గది వేడిలో దాదాపు 50 రెట్లు. అదే తప్పు, మూడు వేర్వేరు పర్యవసానాలు. ఎక్కువ వేడి దగ్గర చేసిన లెక్క ప్రయోగంతో చక్కగా కలిసిందని, అదే గీతను కింది ఉష్ణోగ్రతలకు పొడిగించడం ప్రమాదమయ్యేది ఇందుకే.

దారులు మారడం ఇంకో చిక్కు. తక్కువ వేడిలో పరమాణువులు స్ఫటికం లోపలి నుంచి కాకుండా రేణువుల సరిహద్దుల వెంట పోవడం మొదలుపెడతాయి. అక్కడ చోటు వదులుగా ఉంటుంది కదా. ఏ సరిహద్దూ లేని పెట్టెలో చేసిన లెక్కకు ఈ దారి ఉందనే తెలియదు. ఇనుము విషయంలో అయస్కాంతత్వం కూడా కలగజేసుకుంటుంది. 770 డిగ్రీల కింద ఇనుము అయస్కాంత స్థితిలోకి వస్తుంది, అక్కడి నుంచి వ్యాపన గీత వంగుతుంది. అయస్కాంతత్వాన్ని లెక్కలోకి తీసుకోని సూత్రానికి ఆ వంపు రాదు. 2007లో బెలర్, పారినెల్లో అనే శాస్త్రవేత్తలు చూపిన దారిలో వచ్చిన మెషీన్ లెర్నింగ్ సూత్రాలు బలాల ఖచ్చితత్వాన్ని బాగా పెంచాయి. నేర్పిన సమాచారంలో లేని పరిస్థితి ఎదురైతే అవి కూడా దారి తప్పుతాయి. కాలం గోడ వాటికీ అంతే ఎత్తు.

రియాక్టరు ఉక్కు సంగతి

కొవ్వాడ ప్రశ్నకు ఇప్పుడు జవాబు వెతకొచ్చు. ఈ రకం రియాక్టరులో ఉక్కు పాత్ర గోడ 300 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మామూలుగా ఆ వేడిలో ఇనుము పరమాణువులు 60 ఏళ్లలో కూడా నానోమీటర్ల దూరమే పోతాయి. పరిస్థితిని మార్చేది న్యూట్రాన్లు. వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఒక పరమాణువును ఢీకొడితే అది ఇంకొన్నిటిని తోసుకుంటూ పోతుంది. సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో, అంటే ఒక పికోసెకనులో, పరమాణువుల గుంపే చెదిరిపోతుంది. చాలావరకు వెంటనే చోట్లలోకి తిరిగి వస్తాయి. కొన్ని ఖాళీలు, కొన్ని అదనపు పరమాణువులు మిగిలిపోతాయి. ఈ మొత్తం ఘట్టం పది పికోసెకన్లలో ముగుస్తుంది కాబట్టి మాలిక్యులర్ డైనమిక్స్‌కు ఇది సరిగ్గా సరిపోయే పని. సిమ్యులేషన్ నేరుగా చూసేది ఈ ముక్కనే.

అలా మిగిలిన ఖాళీలు వేడి వల్ల సహజంగా ఉండాల్సిన వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 300 డిగ్రీల దగ్గర దాదాపు స్తంభించి ఉండాల్సిన వ్యాపనం వాటి వల్ల వేగం అందుకుంటుంది. ఉక్కులో కొద్దిపాటి రాగి మలినంగా ఉంటే ఆ పరమాణువులు ఏళ్ల తరబడి కదిలి అతి చిన్న ముద్దలుగా చేరతాయి, ఉక్కు పెళుసు బారుతుంది. ఈ సంగతి తెలిశాకే పాత్రల ఉక్కులో రాగి శాతాన్ని బాగా తగ్గించారు. ఏళ్లకు సంబంధించిన ఈ రెండో ముక్కను కైనెటిక్ మాంటెకార్లో వంటి అంచెలతో లెక్కగడతారు. పైన చెప్పిన 0.1 ఎలక్ట్రాన్ వోల్టు తప్పు ఎక్కువగా దెబ్బతీసేది ఇక్కడే.

అందువల్ల ఏ దేశంలోనూ ఉక్కు పాత్ర ఆయుష్షును సిమ్యులేషన్‌కు మాత్రమే వదిలేయరు. అదే ఉక్కుతో చేసిన నమూనా ముక్కలను క్యాప్సూళ్లలో పెట్టి, గోడకన్నా ఇంధనానికి దగ్గరగా, ఎక్కువ న్యూట్రాన్లు తగిలే చోట ఉంచుతారు. నిర్ణీత గడువుల్లో వాటిని బయటికి తీసి, సుత్తి లోలకంతో కొట్టి, ఎంత శక్తికి విరుగుతాయో కొలుస్తారు. గోడకు రాబోయే ఏళ్లలో జరిగేది ఆ ముక్కల్లో ముందే కనిపిస్తుంది. దగ్గరగా ఉంచడం వల్ల దెబ్బలు వేగంగా పడతాయి, కానీ పరమాణువులు సర్దుకోవడానికి దొరికే కాలం తక్కువ. నమూనాలో నాలుగేళ్లలో పడ్డ దెబ్బలు, గోడలో నలభై ఏళ్లకు విస్తరించి పడ్డ అన్నే దెబ్బలు ఒకే ఫలితం ఇస్తాయా లేదా అన్నది ప్రయోగం ఒక్కటే తేల్చలేని ప్రశ్న. పరమాణువుల సిమ్యులేషన్‌కు ఇక్కడ దక్కిన పని, ఆ రెండు వేగాల మధ్య తేడాను లెక్కగట్టి నమూనా ముక్క చెప్పిన అంకెను గోడకు ఎలా అన్వయించాలో చూపించడం.